సిమెంటు బస్తాకు ఉన్న నీడ

కట్టుబడి మొదలయ్యే ఏ చోటైనా ముందుగా లేచేది సిమెంటు గోడౌను. నేల చెమ్మ అంటకుండా కింద చెక్కలు వేస్తారు, గోడకు తగలకుండా ఎడం వదులుతారు, పది బస్తాలకు మించి పేర్చరు, కప్పు ఎక్కడా కారకుండా చూస్తారు. గడ్డకట్టిన బస్తా పనికిరాదు, దాని ధర ఎంతో అందరికీ తెలుసు. ఓడరేవు కట్టే చోట ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ. అక్కడ గాలిలోనే ఉప్పు ఉంటుంది, తడి ఉంటుంది. సిమెంటు ఒక్కదానికే కాదు ఈ మర్యాద. వెల్డింగుకు ప్రపంచమంతా వాడే అమెరికన్ నియమావళి ప్రకారం గ్యాసు రక్షణతో చేసే వెల్డింగు దగ్గర గాలి వేగం గంటకు 8 కిలోమీటర్లు దాటకూడదు. దాటితే గ్యాసు చెదిరి అతుకులో బుడగలు పడతాయి, కాబట్టి చుట్టూ డేరా కట్టి తీరాలి. కొత్తగా పోసిన కాంక్రీటు మీదనుంచి గంటకు చదరపు మీటరుకు ఒక కిలో నీరు ఆవిరైపోతుంటే పగుళ్లు పడే ప్రమాదం ఉందని ఇంజినీర్లు లెక్కగట్టారు. గాలికి తడికలు, ఎండకు పందిరి వేయమని రాసిపెట్టారు. సర్వే యంత్రానికి ఎండ తగలకుండా గొడుగు పట్టడానికి ఒక మనిషిని పెడతారు. ఆ గొడుగు పట్టుకున్న మనిషి ఎండలో ఉంటాడు.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. లెక్క రాసే పద్ధతిలోనే ఉంది తిరకాసంతా. సిమెంటుకూ అతుకుకూ కాంక్రీటుకూ టెండరు పత్రంలో కొలత ఉంది, ధర ఉంది, తనిఖీ చేసే ఇంజినీరు ఉన్నాడు. కూలీ కూర్చునే నీడ మాత్రం ‘ఇతర ఖర్చులు’ అనే గంపలో పడిపోతుంది. ఆ గంపలో ఏం పడ్డా ముందు కోత దానికే. అందుకే రేవు పనుల్లో కార్మికులకు వేసే తాత్కాలిక షెడ్లను సంక్షేమం ఖాతాలోంచి తీసి పని ఖాతాలో రాయాలని నా వాదన. క్రేను నిలబడే దిమ్మెను లెక్కగట్టినట్టే మనిషి నిలబడే నీడనూ లెక్కగట్టాలి. ఇది దయాధర్మాల మాట కాదని చెప్పడానికి ముందు ఆ చోటు ఎలాంటిదో చూడాలి.

ఆంధ్రప్రదేశ్ తీరం పాత లెక్కలో 974 కిలోమీటర్లు, ఈమధ్యటి కొత్త కొలతలో 1,053 కిలోమీటర్లు. ఈ తీరం మీద మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం రేవుల పనులు 2022, 2023 సంవత్సరాల్లో మొదలయ్యాయి. 1933లో తెరిచిన విశాఖ రేవుకు డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డు ఉంది, లోపలికి తవ్వుకున్న నౌకాశ్రయం ఉంది. అక్కడ కూడా అలలకు అడ్డంగా రెండు పాత ఓడలను ముంచి వాటి చుట్టూ రాళ్లు పోయాల్సి వచ్చింది. కొత్త రేవులకు కొండా లేదు, గుట్టా లేదు. ఎదురుగా బంగాళాఖాతం, వెనక ఇసుక. ముందు కట్టాల్సింది అలలను ఆపే గట్టు, సైట్లో అందరూ బ్రేక్‌వాటర్ అనేదే. టిప్పర్లు రాళ్లు తెచ్చి గట్టు చివర పోస్తుంటాయి, పొక్లెయిన్ సర్దుతుంటుంది, గట్టు రోజూ కొన్ని మీటర్లు సముద్రంలోకి జరుగుతుంటుంది. ఆ చివర పనిచేసేవాడికి మూడు వైపులా నీళ్లు, కాళ్ల కింద కాలే బండ, కనుచూపు మేరలో చెట్టు లేదు. గట్టు మొదట్లో ఎంత చక్కని విశ్రాంతి గది కట్టినా, పని రెండు కిలోమీటర్లు ముందుకు జరిగాక అక్కడికి నడిచి వెళ్లడానికి పాతిక నిమిషాలు, తిరిగి రావడానికి పాతిక నిమిషాలు. అంతటి దూరాన ఉన్న నీడ లేనట్టే లెక్క. కాస్టింగ్ యార్డు, రాడ్ బెండింగ్ యార్డు ఒకేచోట ఉంటాయి కాబట్టి వాటి సంగతి కొంత నయం. అయినా అక్కడా కప్పు యంత్రం మీద ఉన్నంతగా మనుషుల మీద ఉండదు.

సముద్రం పక్కన చల్లగా ఉంటుంది కదా అని చాలామంది అనుకుంటారు. సాయంత్రం షికారుకు వెళ్లినవారికి చల్లగానే ఉంటుంది. మన శరీరం వేడిని వదిలించుకునేది చెమట ఆరడం వల్ల. తీరంలో గాలి నిండా తడి ఉంటే చెమట కారుతుందే గాని ఆరదు. దాన్నే మనవాళ్లు ఉక్కపోత అన్నారు. అందుకే థర్మామీటరు 37 చూపించినా కోస్తాలో రాయి మోసేవాడి ఒంటికి అది మెట్టప్రాంతపు 42తో సమానం కావచ్చు. ఇక మే నెలలో పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని అడ్డుకున్న రోజున వడగాడ్పు తీరం దాకా వస్తుంది. 2015 మేలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. అందుకే ఉష్ణోగ్రత, తేమ, ఎండ, గాలి నాలుగింటినీ కలిపి కొలిచే పద్ధతి ఒకటి వచ్చింది. ఖతార్ 2021లో ఆ కొలతను చట్టంలోకి తెచ్చింది. ఆ సూచిక 32.1 డిగ్రీలు దాటితే బయటి పని ఆపాలి. అది కాక జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఎండలో పని నిషేధం. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారికి ఈ మధ్యాహ్నపు విరామం కొత్త కాదు. అదే మనిషి సొంత జిల్లాకు తిరిగొచ్చి రేవు పనిలో చేరితే, ఆ గంటలు మేస్త్రి దయ మీద ఆధారపడతాయి.

నీడ వల్ల నిజంగా ఒరిగేదేమిటని అడిగేవారికి నికరాగ్వా చెరకు తోటలు జవాబు చెబుతాయి. అక్కడ చెరకు నరికే యువకుల్లో మూత్రపిండాలు దెబ్బతినడం గమనించి పరిశోధకులు పని మధ్యలో విరామాలు పెంచారు, నీడ పందిళ్లను పని జరిగే చోటికే తెచ్చారు, నీళ్లు అందుబాటులో పెట్టారు. ఆ తర్వాతి కోత కాలాల్లో మూత్రపిండాల దెబ్బ తగ్గింది. మూలపేట రేవు పక్కనే ఉద్దానం ఉంది. కిడ్నీ జబ్బుతో ఆ ప్రాంతం ఎన్నేళ్లుగా ఎలా నలిగిపోతున్నదో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఉద్దానం జబ్బుకు ఫలానాదే కారణమని ఇంతవరకు తేలలేదు, ఎండే కారణమని నేనూ అనడం లేదు. కాని ఇప్పటికే మూత్రపిండాలు బలహీనమైన మనుషులున్న చోట, ఒంట్లో నీరు ఇంకిపోయే పనికి నీడ లేకుండా కూలీలను పెట్టడం మాత్రం తెలిసి చేసే తప్పే.

నిజానికి తాత్కాలిక ఆశ్రయాన్ని పనిలో మొదటి భాగంగా లెక్కగట్టడం కొత్త ఆలోచనేం కాదు, రెండు వందల ఏళ్ల నాటిది. స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఆర్‌బ్రోత్‌కు 18 కిలోమీటర్ల దూరాన బెల్ రాక్ అనే బండ ఉంది. పోటు వస్తే మొత్తం మునిగిపోతుంది. దాని మీద దీపస్తంభం కట్టడానికి 1807లో దిగిన రాబర్ట్ స్టీవెన్సన్, ఆ మొదటి వేసవిలోనే బండకు దిగగొట్టిన పొడవాటి దూలాల మీద ఒక చెక్క కట్టడం నిలబెట్టించాడు. కమ్మరి కొలిమి దాని మీదికే చేరింది, తర్వాత పనివాళ్లు అందులోనే నిద్రపోయారు. 1811 ఫిబ్రవరి 1న దీపం వెలిగే దాకా ఆ తాత్కాలిక గూడే ఆ పనికి వెన్నెముక. ఆయన కొడుకు అలన్ స్టీవెన్సన్ స్కాట్లాండ్ పడమటి తీరాన స్కెరీవోర్ దీపస్తంభం పనిలో 1838లో అలాంటిదే కట్టిస్తే నవంబరు తుపాను ఊడ్చుకుపోయింది. మరుసటి ఏడు ఇంకా గట్టిగా కట్టించాడు. ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు రాబర్ట్ తాత, అలన్ పెదనాన్న. కథకుడి పేరు లోకమంతటికీ తెలుసు. ఆ చెక్క గూళ్లు నిర్మాణ చరిత్ర చదివేవారికి తప్ప తెలియవు.

ఇప్పుడు గాలి సంగతి. మన సైట్లలో తాత్కాలిక షెడ్డు అంటే సరుగుడు గుంజలు, పైన రేకు లేదా బరకం, పక్కన పచ్చ వల. కాస్త ఖర్చు పెడితే పోర్టా క్యాబిన్, లేదంటే కిటికీ కోసిన పాత కంటైనర్. కంటైనర్ ఇనుముది కదా, దానికేమవుతుందని ధీమా. లెక్క వేసి చూడండి. గాలి ఒత్తిడి వేగంతో పాటు పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. విశాఖపట్నానికి మన ప్రమాణం ఐఎస్ 875 చెప్పే మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాదాపు ఆ వేగంతోనే విశాఖ మీద పడింది. ఆ వేగానికి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువుతో తోసినంత ఒత్తిడి. ఇరవై అడుగుల కంటైనర్ పొడవాటి పక్క సుమారు 15.7 చదరపు మీటర్లు, అంటే గాలి తోపు 2,350 కిలోలు. ఖాళీ కంటైనర్ బరువు సుమారు 2,200 కిలోలు. వెడల్పు కన్నా ఎత్తు కాస్త ఎక్కువ కూడా, కాబట్టి పక్కకు పడిపోవడానికి అది చాలు. లోపల బల్లలూ మనుషులూ ఉంటే కొంత బరువు కలుస్తుంది, నిజమే. కాని అది పడకుండా ఉండేందుకు లోపల మనుషులుండాలని ఎవరూ కోరుకోరు కదా!

అదే ప్రమాణంలో ఇంకో విషయముంది. పని జరిగేటప్పుడు వేసే తాత్కాలిక షెడ్ల ఆయుష్షు అయిదేళ్లనుకుని, 50 మీటర్ల ప్రాంతంలో వాటికి మూల వేగంలో 70 శాతం తీసుకుంటే సరిపోతుందని అది చెబుతుంది. వేగం 70 శాతమైతే ఒత్తిడి సగానికి దిగిపోతుంది. అయిదేళ్లే ఉండే షెడ్డుకు యాభై ఏళ్ల తుపాను ఎదురయ్యే అవకాశం తక్కువని దీని వెనకున్న తర్కం. లెక్కగా చూస్తే తప్పు లేదు. కాని ఆ లెక్కకు ఆధారమైన సంభావ్యత 63 శాతం. అంటే ఆ తగ్గించిన వేగాన్ని మించిన గాలి ఆ అయిదేళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం సగం కన్నా ఎక్కువ. డిజైన్‌లో విడిగా భద్రతా గుణకం ఉంటుంది, అది కొంత కాపాడుతుంది. అయితే అసలు డిజైనే చేయని సరుగుడు గుంజల షెడ్డుకు గుణకమెక్కడిది? 2015లో ఈ ప్రమాణాన్ని సవరించినప్పుడు తుపాను తీరాల్లో తుపాను తర్వాత అవసరమయ్యే భవనాలకు 30 శాతం, పరిశ్రమల కట్టడాలకు 15 శాతం వేగం పెంచి లెక్కగట్టమన్నారు. మిగిలినవాటికి పెంపు లేదు. ఆ మిగిలినవాటిలోనే వందల మంది కూర్చునే రేకుల షెడ్డు పడిపోయింది. దాన్నొక మెట్టు పైకి ఎక్కించడానికి ప్రమాణం మారే దాకా ఆగనక్కర్లేదు, టెండరు రాసే ఇంజినీరు ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

మరి మంచి షెడ్డు ఎలా ఉండాలి? జవాబులో సగం ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు ఎప్పుడో చెప్పింది. గుండ్రటి గోడ, దాదాపు నేల దాకా వాలిన చూరు. గాలికి పట్టు దొరికే మూల లేదు, కిందినుంచి దూరి కప్పు ఎత్తే సందు లేదు. అన్ని వైపులా తెరిచిన పందిరికి అసలు ప్రమాదం ఎత్తే గాలితోనే. నాలుగు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవున్న కప్పును గంటకు 126 కిలోమీటర్ల గాలి ఒకటిన్నర టన్నుకు పైగా బలంతో పైకి లాగగలదు. అలా లేచిన రేకు కత్తిలా ఎగురుతుంది. కాబట్టి కప్పు వాలుగా, తక్కువ ఎత్తులో ఉండాలి. రేకు ఒంటి పొరగా వేస్తే ఎండలో 60 డిగ్రీలు దాటి కిందివాళ్లను పెనం మీద కూర్చోబెట్టినట్టు చేస్తుంది కనుక కింద తాటాకో చాపో ఇంకో పొర, మధ్య గాలి ఆడే ఖాళీ ఉండాలి. సముద్రపు గాలి వచ్చే వైపు అడ్డంగా గోడ కట్టకుండా జాలీ పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా అది కదలాలి. ఇనుప దూలాల చట్రం మీద కడితే గట్టు పెరిగేకొద్దీ పొక్లెయినే ఈడ్చుకెళ్తుంది. లంగరుకు వేరే వస్తువు కొననక్కర్లేదు. అలల గట్టు మీద పరచడానికి యార్డులో పోసే కాంక్రీటు దిమ్మెలే ఉన్నాయి. ఘనపు మీటరు కాంక్రీటు 2.4 టన్నులు. నాలుగు మూలలా అలాంటివి నాలుగు కడితే 9.6 టన్నులు. ఇంత బరువు చేతికందే చోట ఉండగా షెడ్డును ఇసుక బస్తాలతో ఆపాలని చూడటం విడ్డూరం.

అయినా షెడ్డు దేనికి పనికిరాదో తెలియడం కూడా అంత ముఖ్యమే. తెరిచిన పందిరి పిడుగు నుంచి కాపాడదు. ఎత్తయినదేదీ లేని గట్టు చివర, ఇనుప గుంజల కింద గుమిగూడటం మరీ ప్రమాదం. ఉరుము వినబడితే నాలుగు పక్కలా ఇనుము మూసి ఉన్న క్యాబిన్‌లోకో వాహనంలోకో వెళ్లాలి. తుపానుకైతే ఏ తాత్కాలిక కట్టడమూ ఆశ్రయం కాదు, ఊళ్లోకి పోవాల్సిందే. 1977లో దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది గాలి ఒక్కటే కాదు, ఉప్పెన. 2021 మే 17న తౌక్టే తుపానులో ముంబై తీరాన మునిగిన పి-305 బార్జి గుర్తుందా? సముద్రంలో పనిచేసే సిబ్బంది ఉండే తేలే వసతి అది. అందులో 261 మంది ఉన్నారు. నావికాదళం 186 మందిని బతికించింది, డెబ్బై మందికి పైగా పోయారు. హెచ్చరికలు ముందే వచ్చాయి. తుపాను తమను తాకదనో, ఉన్నచోటే ఆగితే సరిపోతుందనో అనుకోవడమే కొంప ముంచింది. మన పత్రికల్లో ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని చదువుతుంటాం. ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్న ఆ నంబర్లు ఓడల కోసం పుట్టినవి. రేవు కట్టే చోట కూడా ఫలానా నంబరు ఎగిరితే గట్టు చివరి పని ఆగుతుంది, ఫలానా నంబరు ఎగిరితే లేబర్ క్యాంపు ఖాళీ అవుతుంది అని ముందే రాసి, హిందీ, ఒడియా, బెంగాలీల్లో కూడా బోర్డు కట్టాలి. ఎందుకంటే అక్కడ పనిచేసేవారిలో చాలామందికి తెలుగు చదవడం రాదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తెలిసినవే. ఖర్చనే మాటకు పై లెక్కే జవాబు. దిమ్మెలు, పొక్లెయిన్, వెల్డరు, అన్నీ అక్కడే ఉన్నాయి, కొత్తగా కొనాల్సింది కొంచెం ఇనుమూ కొంచెం కప్పూ. బలమైన అభ్యంతరం వేరే ఉంది. నీడ కట్టినా కూలీలు వాడుకోరు, ఖాళీగా పడి ఉంటుంది అంటారు. ఇది అబద్ధం కాదు. రాడ్ పని టన్నుకింత అని గుత్తకు ఇస్తారు. కూర్చున్న ప్రతి పది నిమిషాలూ కూలీ జేబులోంచే పోతుంది. ఆ లెక్కన ఖాళీ షెడ్డు చూపించేది కూలీల అయిష్టాన్ని కాదు, కూలి ఇచ్చే పద్ధతిని. విరామానికి కూలి కట్టకుండా షెడ్డు కట్టడమంటే డబ్బు కట్టలేనివాడికి హోటల్ గది చూపించడమే. కాలిఫోర్నియా నియమం ఈ ముడిని కొంత విప్పింది. దాదాపు 27 డిగ్రీలు దాటితే చాలు, విరామంలో ఉన్నవారందరికీ సరిపడే నీడ పని చోటికి వీలైనంత దగ్గర్లో ఉండాలి, ఒంటికి వేడి ఎక్కిందనిపించినవాడు అడిగితే కనీసం అయిదు నిమిషాలు అక్కడ కూర్చోనివ్వాలి. మన మే నెలతో పోలిస్తే 27 డిగ్రీలంటే సంక్రాంతి పొద్దు. మూడో అభ్యంతరం తీర ప్రాంత నిబంధనలు ఒప్పుకోవని. సాధారణంగా పర్యావరణ అనుమతుల షరతుల్లోనే కార్మికులకు తాత్కాలిక వసతి కట్టాలని, పని అయ్యాక తీసేయాలని ఉంటుంది. చట్రం మీద కదిలే షెడ్డు ఆ షరతుకు అచ్చంగా సరిపోతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం తాగునీరు, మరుగుదొడ్లు, నివాసం, యాభై మందికి పైగా ఆడవాళ్లుంటే పిల్లలకు గది, ప్రథమ చికిత్స, 250 మంది ఉంటే క్యాంటీన్ అని వరుసగా చెప్పింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు సంక్షేమ మండలికి పోతుంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఆ పాత వరుసలో పని జరిగే చోట నీడ అనే మాట విడిగా లేదు. సెస్సు డబ్బు దెబ్బ తగిలాక, పెళ్లికో చావుకో అందేది. నీడ దెబ్బ తగలకముందు కావాల్సింది. రాష్ట్ర ప్రభుత్వానికి ఇక్కడ ఢిల్లీ వైపు చూడాల్సిన పని కూడా లేదు, టెండరు పిలిచేది తానే కనుక. తర్వాతి రేవుకో, చేపల రేవుకో టెండరు పత్రం రాసేటప్పుడు పనుల పట్టికలో సిమెంటు గోడౌను కింద ఇంకో వరుస చేర్చండి: కదిలే నీడ షెడ్డు, ఇన్ని, పని చోటికి రెండు వందల మీటర్లలోపు, ఇంత గాలికి నిలిచేది, నాలుగు దిమ్మెలతో సహా. దానికి ఒక వరుస సంఖ్య ఇవ్వండి, ఎదురుగా ఒక ధర రాయండి.